దోషము - దోషి

లోకములో ఏదేని యొక కార్యము చెడినప్పుడు మనుష్యుని మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. "ఏమి చెడినది?" అనునది యొకటి. "ఎవరు చెఱిచిరి?" అనునది రెండవది. మొదటి ప్రశ్న దోషమును వెదకును; రెండవ ప్రశ్న దోషిని వెదకును. పైకి చూచుటకు ఈ రెండును అక్కచెల్లెండ్రవలె కనబడును గాని వీని స్వభావములు వేఱు, ఫలములు వేఱు. మొదటిదానికి సమాధానము దొరకినచో చెడిన పని బాగుపడును. రెండవదానికి సమాధానము దొరకినచో, పెక్కుసారులు, ఎవరో ఒకరు తిట్లు తిందురు; చెడిన పని చెడినట్లే యుండును. మన యిండ్లలో ఏ ప్రశ్న ముందుగా వినబడుచున్నదో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. ఏది ముందు వినబడవలెనో, ఏల వినబడవలెనో విచారించుటయే మా యుద్దేశము.

ఇట్టి విచారణకు గొప్ప గొప్ప దృష్టాంతములు అవసరము లేదు. నేడు పల్లె యనక పట్టణమనక ప్రతి వీధిలోను మోటారు సైకిలు కనబడుచున్నది. పాలు పోయువాడు దానిమీదనే పోవును. బడిపంతులు దానిమీదనే పోవును. బిడ్డను చదువునకు దిగవిడుచు తల్లియు ఆ జాతి వాహనముమీదనే పోవును. అట్టి బండి యొకనాటి యుదయమున, పనికి వేళ మించుచుండగా, ఎంత త్రొక్కినను కదలలేదనుకొందము. ఆ క్షణమున ఆ యింట జరుగు సంభాషణమును విన్నచో ఆ కుటుంబము అనుసరించు నీతిశాస్త్రమంతయు తెలిసిపోవును.

యజమానుడు పదిసారులు త్రొక్కును, ఇరువదిసారులు త్రొక్కును. చెమట పట్టును. "నిన్న దీనిని ముట్టినదెవరు?" అని యఱచును. కొడుకు తలుపు చాటునకు తప్పుకొనును. "బయలుదేఱునప్పుడు ఎక్కడికని అడిగితివి, ఇంకేమి కదలును?" అని భార్యమీద విసుగుకొనును. అరుగుమీద కూర్చున్న మేనత్త, భర్తను గోలుపోయిన ముసలామె, ఎవరును ఏమియు ననకముందే లేచి లోపలికి పోవును. ఆమెను నోరెత్తి దూషింపనక్కఱలేదు. ఏండ్ల తరబడి విన్న మాట ఆమె చెవులలోనే యున్నది. ఈ విధముగా నేరము ముగ్గురికి పంచిపెట్టబడినది. టాంకులో పెట్రోలు లేకపోవుటయే కారణమైనచో, ఆ ముగ్గురు గాక మూడువందలమంది నేరమొప్పుకొన్నను ఆ బండి గజము దూరమైనను పోవునా?

ఆ యంత్రము కోరునదేమో కొంచెము విచారింతము. 1876వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడైన నికోలస్ ఆటో నాలుగు ఘట్టములుగా పనిచేయు ఇంజనును నిర్మించెను. 1885లో డైమ్లరు, మైబాకు అను నిరువురు అట్టి యింజను నొకదానిని కొయ్యతో చేసిన రెండు చక్రముల బండికి అమర్చిరి. నాటినుండి నేటివఱకు రూపములెన్ని మాఱినను ఇంజను కోరిక మాఱలేదు. తగుపాళ్లలో గాలితో కలిసిన పెట్రోలు కావలెను. ఆ మిశ్రమము సిలిండరులో గట్టిగా నొక్కబడవలెను. సరియైన క్షణమున నిప్పురవ్వ పుట్టవలెను. తూకము ప్రకారము ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు ఇంచుమించు 14.7 పాళ్లు గాలి పట్టును. ఈ మూటిలో ఏది లోపించినను ఇంజను మేల్కొనదు. మూడును సరిగా నున్నచో మేల్కొనక మానదు. ఇందు దయ లేదు, పగ లేదు, పక్షపాతము లేదు. త్రొక్కువాడు జమీందారైనను జీతగాడైనను దానికొక్కటే.

కావున తెలిసిన పనివాడు వరుస తప్పక చూచును. సులభమైనదానిని ముందు చూచును. కష్టమైనదానిని తరువాత చూచును. తాళము సరిగా తిరిగినదా? హాండిలుమీద ఇంజను నాపు మీట ఆపు వైపునకు పడియున్నదా? ప్రక్క స్టాండు దిగియున్నదా? నేటి బండ్లు పెక్కింటిలో అది దిగియున్న యెడల, గేరు పడియున్నప్పుడైనను, కొన్నిట ఎప్పుడైనను, ఇంజను నడువదు. టాంకులో పెట్రోలున్నదా? ఉన్నచో క్రిందికి దిగుచున్నదా? టాంకు మూతకు గాలి పోవుటకొక సన్నని రంధ్రముండును. అది మూసికొనిపోయినచో పెట్రోలుండియు దిగదు. ఇది మన స్త్రీలకు క్రొత్త విషయము కాదు. నూనె డబ్బాకు ఒక్క రంధ్రమే పొడిచినచో నూనె గుటగుటలాడి నిలిచిపోవునని, రెండవ రంధ్రము పొడిచినచో ధార కట్టునని వంటయింటిలో ఎఱుగని వారెవరు? వంటయింటిలో నేర్చిన యీ యెఱుకకు వీధిలోని బండి దగ్గఱ విలువ లేకపోవుట మన యాచారముయొక్క లోపమే గాని యెఱుకయొక్క లోపము కాదు.

పెట్రోలు దిగుచున్నచో తరువాత ప్లగ్గు నూడదీసి చూతురు. ఆ చిన్న వస్తువు లోపల జరిగినదానికి సాక్షి. అది పొడిగా నున్నచో పెట్రోలు సిలిండరులోనికి చేరుటలేదని యర్థము. తడిసియున్నచో పెట్రోలు చేరుచున్నది గాని మండుటలేదని యర్థము. నల్లని మసి పట్టియున్నచో పెట్రోలెక్కువై గాలి తక్కువైనదని యూహింపవచ్చును. వత్తి పెంచిన లాంతరు గాజునకు మసి పట్టుట యెట్టిదో ఇదియు అట్టిదే. పాతకాలపు బండ్లలో ప్లగ్గునకు దాని టోపీని తొడిగి, ఇనుపభాగమును ఇంజనుకు తగిలించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా నుంచి త్రొక్కినచో నీలపు రవ్వ కనబడవలెను. దూరముగా ననుట వట్టి మాట కాదు. ఆ రంధ్రమునుండి వెలువడు ఆవిరికి రవ్వ తగిలినచో నిప్పంటుకొనును. అప్పుడు టోపీని చేతితో పట్టుకొనుటయు తగదు. రవ్వ కనబడకున్నచో ప్లగ్గు, తీగ, కాయిలు, పాయింట్లు వరుసగా చూడవలెను. పాత బుల్లెట్టు బండ్లలో పాయింట్ల నడుమ ఎడము 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్లవఱకు నుండవలెను. ఒక వెండ్రుక నాలుగైదు మడతలు వేసినంత యెడము హెచ్చుతగ్గులైనచో అంత బరువైన బండియు కదలక నిలుచును!

పెట్రోలును రవ్వయు సరిగా నున్నచో నొక్కుడు చూడవలెను. కాలిక్రింద త్రొక్కుడు మీట బరువు లేక జాఱిపోవుచున్నచో వాల్వులలోనో రింగులలోనో గాలి కాఱుచున్నదని గుర్తు. ఇంతవఱకు వచ్చినచో ఇల్లు విడిచి షెడ్డునకు పోవుటయే మేలు. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారతదేశమున అమలులోనికి వచ్చిన ఆఱవ భారత ప్రమాణములతో పెక్కు బండ్లలో కార్బ్యురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము యంత్రసాధనము వచ్చినది. అట్టి బండిలో ఏదేని చెడినచో ముందుభాగమున నొక దీపము వెలుగును. పనివాడు తగిన పరికరమును తగిలించినచో ఏ భాగమునుండి ఫిర్యాదు వచ్చినదో అంకెలతో తెలియును. ఆ ఫిర్యాదు మూలమును మరల మనుష్యుడే విచారింపవలెను. ఒక్క విషయము మాత్రము గమనింపదగినది. యంత్రము తన రోగమును చెప్పును గాని "ఫలానావారు నన్ను చెఱిచిరి" అని యెన్నడును చెప్పదు.

కోపముతో త్రొక్కుటవలన కలుగు నష్టము కూడ చెప్పవలసియున్నది. చోకు లాగియుంచి మరల మరల త్రొక్కినచో పెట్రోలు మితిమీఱి ప్లగ్గు తడిసిపోవును. అటుపిమ్మట ఎంత శ్రమపడిన అంత చెడును. అప్పుడు చేయవలసినది ఎక్కువ పని కాదు, తక్కువ పని: చోకు మూసి, కొంతసేపాగి, ప్లగ్గు నారబెట్టి మరల ప్రయత్నింపవలెను. 1955వ సంవత్సరమునుండి మద్రాసులో తయారైన బుల్లెట్టు బండిని ఎఱిగినవారు ఈ సంగతిని బాగుగా ఎఱుగుదురు. ఆమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువఱకు మెల్లగా త్రొక్కి, డీకంప్రెసరు మీట నొక్కి పిస్టనును పైకొన దాటించి, మీట విడిచి, అటుపైన నిండుగా ఒక్క త్రొక్కు త్రొక్కవలెను. ఈ వరుస తెలిసిన సన్నని మనిషి లేపగల బండిని, తెలియని వస్తాదు లేపలేక మోకాలు నొప్పిచేసికొనును. బ్యాటరీ పూర్తిగా చచ్చిన క్రొత్త బండిని పదిమంది త్రోసినను ప్రయోజనముండదు. దాని పెట్రోలు పంపునకే విద్యుత్తు కావలెను. శ్రమ పుణ్యమే గాని, కారణము తెలియని శ్రమ అలసటకు మాత్రమే మార్గము.

ఇక కారణమనగానేమో చూతము. ఇంగ్లండులో జాన్ స్టూఅర్టు మిల్లు 1843లో ప్రకటించిన తర్కగ్రంథమున భేదపద్ధతి యొకటి వివరించెను. తక్కినవన్నియు నున్నట్లే యుంచి ఒక్కదానిని మాత్రము మార్చి ఫలము మాఱినదా యని చూడవలెనని దాని సారాంశము. ప్లగ్గు మార్చి, కార్బ్యురేటరు కడిగి, పాయింట్లు రుద్ది, అన్నియు నొక్కసారి చేసిన పిదప బండి లేచినచో సంతోషమే గాని జ్ఞానము కలుగలేదు. మరల చెడిననాడు మరల అన్నియు చేయవలసినదే. ఇది యూరపుఖండమువారు మనకు నేర్పిన క్రొత్త విద్య కాదు. మన నైయాయికులు అన్వయవ్యతిరేకములను పేరిట ఈ విచారణనే చేసిరి. కుండకు మట్టి కారణము, చక్రము కారణము, కుమ్మరి కారణము. ఆ మట్టిని మోసికొని వచ్చిన గాడిద కుండ పుట్టుటకు ముందు అక్కడ నిలిచియున్నను కారణము కాదని వారు స్పష్టముగా చెప్పిరి. ముందుండినదంతయు కారణము కాదు. అది లేకున్నను కార్యము జరుగునేని అది కారణము కానేరదు.

ఈ చిన్న వాక్యమును మన యింటి గుమ్మములకు వ్రాసి తగిలింపదగును. బండి కదలకముందు భార్య "ఎక్కడికి?" అని యడిగినది నిజమే. మేనత్త అరుగుమీద కూర్చుండినది నిజమే. పిల్లి దాటినదియు నిజమే కావచ్చును. ఇవియన్నియు కుమ్మరి గాడిదవంటివి. అక్కడ నుండినవి, అంతే. తడిసిన ప్లగ్గునకును ఒక ముసలామె వైధవ్యమునకును ఏ తీగ సంబంధమును లేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ నాటికిని నేటికిని మన చదువులు మాఱినవి, ఉద్యోగములు మాఱినవి, వాహనములు మాఱినవి. కాని మగవాడు వీధిలోనికి వచ్చు వేళకు ఆమె అడుగు వెనుకకు పడు నిండ్లు నేటికిని కలవు. ఇంజనును నమ్మి యెక్కినవాడు అది నిలిచినప్పుడు శకునమును నమ్ముట ఎంత వింత! నడిచినంతసేపు భౌతికశాస్త్రము, నిలిచిన తోడనే స్త్రీ పాదము!

దోషికై వెదకుటలో ఇంతకంటె సూక్ష్మమైన కీడు మఱియొకటి కలదు. కోపము సాక్ష్యమును చంపును. రాత్రి కొడుకు బండి తెచ్చి తాళము త్రిప్పక మఱచినాడు. తెల్లవాఱునప్పటికి బ్యాటరీ ఖాళీయైనది. తండ్రి "ఎవరు ముట్టిరి?" అని యఱచినచో కొడుకు చెప్పు సమాధానము "నేను కాదు" అనునదియే. ఆ యబద్ధము పిల్లవాని పుట్టుకతో వచ్చిన గుణము కాదు. ఆ ప్రశ్నయే దానిని పుట్టించినది. మెకానికునకు ఆ సంగతి తెలియదు. అతడు పెట్రోలు గొట్టమును విప్పును, ప్లగ్గును మార్చును. సగము దినము గడచును, డబ్బు వ్యయమగును. తండ్రి "రాత్రి బండి ఎట్లు నిలిపినారు?" అని నెమ్మదిగా అడిగినచో కొడుకు నోట "తాళము త్రిప్పితినో లేదో జ్ఞాపకము లేదు" అను మాట వచ్చియుండును, ఆ ఒక్క మాటతో దోషము దొరకియుండును. సత్యమును కోరువాడు సత్యము చెప్పుటకు భయములేని చోటును ముందుగా నేర్పఱుపవలెను. అట్లు చేయక సత్యము చెప్పలేదని పిల్లలను నిందించుట న్యాయము కాదు.

షెడ్డులలో పనిచేయు కుఱ్ఱవాండ్ర స్థితియు ఇట్టిదే. పదునాలుగేండ్లు నిండనివారిని పనిలో నుంచరాదని, తమ కుటుంబపు పనిలో బడివేళలు గాక తోడుపడుటవంటి కొలది మినహాయింపులతో, 2016లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. అయినను చిన్నచేతులు గ్రీజులో కనబడుచునే యున్నవి. అట్టి కుఱ్ఱవాడు ప్లగ్గును వంకరగా బిగించి సిలిండరు తలలోని మరలను పాడుచేసినాడనుకొందము. చెంపదెబ్బ తప్పదని యెఱిగిన బాలుడు దానిని దాచును. మరలు చెడిన సంగతి బండి దారిలో నిలిచిననాడు గాని బయటపడదు. ఆనాడు నష్టపడువాడు ఊరు పేరు తెలియని యొక ప్రయాణికుడు. దెబ్బకు వెఱచి దాచిన తప్పు దెబ్బతో పోదు. అది వేఱొకరి దారిలో కాచుకొనియుండును.

ఈ ధర్మమును గొప్ప వృత్తులవారు చాల వెల యిచ్చి నేర్చుకొనిరి. విమాన ప్రమాదములను విచారించుటకై అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో అంగీకరించిన పదుమూడవ అనుబంధము ప్రకారము, అట్టి విచారణకు ఏకైక లక్ష్యము మఱియొక ప్రమాదమును నివారించుట. నేరమును ఎవరిమీదనైనను మోపుట కాదు. వైద్యములో జరుగు పొరపాటులను గూర్చి 1999లో అమెరికా దేశమున వెలువడిన ప్రసిద్ధ నివేదిక యొకటి కూడ, ఒక్కొక్క మనుష్యుని నిందించుటకంటె పొరపాటునకు తావిచ్చు పద్ధతులను సవరించుటయే ముఖ్యమని చెప్పెను. నూర్లకొలది ప్రాణములు పోయిన చోటనే "ఏమి చెడినది?" అని ముందడుగగలిగినప్పుడు, ఒక మోటారు సైకిలు దగ్గఱ అడుగలేకపోవుటకు మనకు సాకేమున్నది?

ఇక్కడ కొందఱు మమ్మడుగవచ్చును: "అట్లయిన తప్పు చేసినవానిని ఏమియు ననరాదా? అజాగ్రత్తకు జవాబుదారి యెవ్వరును లేరా? పెట్రోలులో కల్తీ కలుపువానిని, పాత సామాను బిగించి క్రొత్తదాని వెల పుచ్చుకొనువానిని ఊరక విడువవలసినదేనా?" ఈ యాక్షేపణ బలమైనదే. మేము బాధ్యతను కాదనుట లేదు. బాధ్యతకు ముందు నిలువవలసిన ప్రశ్నను ముందు నిలుపుమనుచున్నాము. మోసము శిక్షార్హమే. కాని అది మోసమని తెలియుటకైనను ముందు దోషము దొరకవలెను. టాంకునుండి తీసిన పెట్రోలును సీసాలో నిలిపి, అడుగున నీరు వేఱుగా తేఱుట చూచినవాడు సాక్ష్యముతో నిలదీయగలడు. చూడక అఱచువాడు అమాయకుని నిందించి మోసగానిని విడిచిపెట్టును. అంతేకాక ఆ నీరు అమ్మినవాడు కలిపినదో, సడలిన మూతనుండి వాననీరు దిగినదో, ఆల్కహాలు కలిసిన పెట్రోలు చిరకాలము నిలువయుండి తేమను పీల్చుటవలన కలిగినదో ఇంకను విచారింపవలసియే యుండును. ఇన్ని దారులుండగా మొదటనే యొకని గొంతు పట్టుకొనుట న్యాయమనిపించుకొనదు.

అజాగ్రత్త సంగతి వేఱు. తాళము మఱచిన కొడుకునకు బాధ్యత లేదని యెవరనిరి? ఉన్నది. అయితే బాధ్యత యనగా తిట్లు పడుట కాదు, బాగుచేయుట. బ్యాటరీని విప్పి చార్జింగునకు తీసికొనిపోవు పని అతనిది. రేపటినుండి బండి దిగునప్పుడు తాళము తీసి మేకునకు తగిలించు నలవాటు చేసికొనుట అతనిది. ఆ మేకును గుమ్మము ప్రక్కనే కొట్టి యిచ్చుట తండ్రిది. శిక్షవలన కొడుకు తండ్రికి వెఱచును. బాధ్యతవలన బండిని గూర్చి జాగ్రత్తపడును. మనకు కావలసినది రెండవది. తప్పును ఒప్పుకొనుట అవమానము కాదని, దిద్దుకొనుట గౌరవమని పిల్లలకు నేర్పుటకు వేయి నీతిపద్యములకంటె ఇట్టి యుదయమొక్కటి చాలును.

ఈ విద్య నేర్చుటకు పాఠశాల అక్కఱలేదు. ఇంటిలో బండి నడుపువారందఱికి, ముఖ్యముగా బాలికలకు, ప్లగ్గు స్పానరు పట్టుట, పెట్రోలు గొట్టము చూచుట, బ్యాటరీ తీగలు బిగించుట నేర్పవలెను. తెలియనిదానికి మనుష్యుడు భయపడును. భయపడినవాడు ఎవరిమీదనో ఒకరిమీద కోపపడును. ఆడుబిడ్డకు బండి నడుపుట నేర్పి, అది నిలిచినప్పుడు మాత్రము మగవారి రాకకై దారిలో కాచుకొనియుండుమనుట సగము స్వాతంత్ర్యమే.

కావున చదువరులకు మేము చేయు మనవి యొక్కటియే. ఇంట ఏది చెడినను, బండి కదలకున్నను, అన్నము మాడినను, బిడ్డ పరీక్షలో తప్పినను, "ఏమి చెడినది?" అని ముందడుగుడు. "ఎట్లు బాగుపడును?" అని తరువాత అడుగుడు. "మరల చెడకుండ నేమి చేయవలెను?" అని మూడవసారి యడుగుడు. ఈ మూటికిని సమాధానము దొరకిన పిదప "ఎవరు?" అను ప్రశ్న ఇంకను మిగిలియున్నచో అప్పుడడుగవచ్చును. అప్పటికది చాలవఱకు తన విషమును పోగొట్టుకొనియుండును. అరుగుమీది ముసలామెయు అప్పటివఱకు తన చోటనే నిశ్చింతగా కూర్చుండియుండును.